జాతీయ గ్రంథాలయం బోర్డుకి, అందులో కూర్చోబోయేవాళ్లకి విశాఖపట్నం నుంచి ఒక ఉత్తరం

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. ఈ ఉత్తరం ఎవరి పేరు మీద రాయాలన్న దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. కోల్‌కతాలో ఉన్న మన జాతీయ గ్రంథాలయానికి ఒక బోర్డు ఉండాలని 1976లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం అయితే చేశారు గానీ దాన్ని అమల్లో పెట్టలేదు, బోర్డు రాలేదు, గ్రంథాలయం మాత్రం కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఒక ఆఫీసులాగే నడుస్తూ వచ్చింది. అందుకని ఇవాళ దాని బాగోగులు చూస్తున్న అధికారులకి, సలహా కమిటీల్లో ఉండే పెద్దలకి, రేపు బోర్డు అంటూ ఏర్పడితే అందులో సభ్యులు కాబోయేవాళ్లకి, అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను విశాఖలో ఉంటాను. ఇక్కడ సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునేవాళ్లకి ప్రూఫులు చూసిపెడతాను, ప్రెస్సు వాళ్లతో మాట్లాడిపెడతాను. పెద్ద ప్రచురణ సంస్థల సంగతి నాకు అంతగా తెలియదు. మూడు వందల కాపీల పుస్తకం సంగతి తెలుసు. ఆ పుస్తకం తరఫునే ఈ ఉత్తరం.

మీ గ్రంథాలయం మామూలుది కాదు. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీగా మొదలై, 1903లో కర్జన్ కాలంలో ఇంపీరియల్ లైబ్రరీగా జనానికి తలుపులు తెరిచి, 1948లో జాతీయ గ్రంథాలయం అని పేరు మార్చుకుని, 1953 ఫిబ్రవరి 1న బెల్వెడేర్ భవనంలో మౌలానా ఆజాద్ చేతుల మీదుగా మళ్లీ మొదలైంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో, కేంద్ర జాబితా 62వ అంశంలో దీన్ని పేరు పెట్టి రాశారు. రాజ్యాంగంలో పేరెక్కిన గ్రంథాలయానికి, తను చేసే పనికి జనం ముందు జవాబు చెప్పే బోర్డు లేకుండా ఇన్ని దశాబ్దాలు గడవడం నాకు చాలా బాధగా ఉంటుంది. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి బోర్డు కోసం 1972లో చట్టం చేశారు, అమలు చేశారు. మనం నాలుగేళ్ల తర్వాత చట్టం చేసి ఆగిపోయాం.

బోర్డు లేకపోతే ఏమైంది, పుస్తకాలు వస్తూనే ఉన్నాయి కదా అని మీరు అనొచ్చు. వచ్చేవి వస్తున్నాయి. రానివాటి గురించి అడిగేవాళ్లు లేరు. నా బాధంతా అక్కడే ఉంది.

1954 నాటి చట్టం ఒకటుంది, డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం అంటారు, 1956లో దినపత్రికలనీ పత్రికలనీ కూడా అందులో కలిపారు. దాని ప్రకారం దేశంలో ఏ భాషలో పుస్తకం అచ్చయినా, ప్రచురించినవాళ్లు 30 రోజుల్లోగా ఒక కాపీ మీకు పంపాలి. ఇంకో మూడు కాపీలు చెన్నైలో కన్నెమరా లైబ్రరీకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి పంపాలి. ఖర్చు పంపేవాళ్లదే. మీకు పంపే కాపీ మంచి కాగితం మీద, బొమ్మలూ మ్యాపులూ ఏవీ తగ్గకుండా, బైండింగు చేసి ఉండాలి. అందుకున్నవాళ్లు రసీదు ఇవ్వాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, దానికి తోడు పుస్తకం వెల. కరపత్రం సైజులో ఉన్న చిన్న పుస్తకమైనా ఈ చట్టం లెక్కలో పుస్తకమే. చదివితే ఎంతో మంచి చట్టం. ఒక దేశం తన భాషలన్నిటినీ సమానంగా చూడాలని అనుకున్న రోజుల్లో రాసిన చట్టం అని తెలుస్తూనే ఉంటుంది.

మా ఊళ్లో పుస్తకం ఎలా బయటికి వస్తుందో ఇప్పుడు చెప్తాను, వినండి. రిటైరైన టీచరో, స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసిన మనిషో, ఇంట్లో అందరూ పడుకున్నాక కథలు రాసుకున్న ఒక అమ్మో, ఇన్నేళ్లకి పుస్తకం వేద్దాం అనుకుంటారు. డీటీపీ చేయిస్తారు, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్పిస్తారు, ప్రూఫులు రెండుసార్లు తిరుగుతాయి, తెలిసిన చిత్రకారుడిని బతిమాలి ముఖచిత్రం వేయించుకుంటారు, ముందుమాట కోసం నెలలు ఆగుతారు. ప్రచురణ సంస్థ ఏదీ ఉండదు కాబట్టి మనవరాలి పేరు మీదో, వెళ్లిపోయిన అమ్మ పేరు మీదో ఏదో ఒక 'ప్రచురణలు' అని లోపలి పేజీలో వేయిస్తారు. మూడు వందలు, మహా అయితే ఐదు వందల కాపీలు. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఆవిష్కరణ, వచ్చినవాళ్లకి కాపీలు, మిగతావి బంధువులకీ స్నేహితులకీ. తర్వాత ఉన్నవన్నీ అట్టపెట్టెలో మంచం కిందకి వెళ్తాయి.

చట్టంలో పబ్లిషర్ అంటే ఈ మనిషే. ఈ మనిషికి 1954 చట్టం గురించి ఎవరు చెప్పారు? ప్రెస్సు వాళ్లు చెప్పరు, వాళ్లలో చాలామందికి తెలియదు. పుస్తకాల షాపు వాళ్లకి అవసరం లేదు. తెలిసినవాళ్లు కూడా నాలుగు ఊళ్లకి నాలుగు పార్శిళ్లు కట్టి పంపాలంటే ఖర్చు చూసుకుంటారు. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపడానికి ఎన్నో ఏళ్లుగా అలవాటైన బుక్ పోస్టుని 2024 డిసెంబరులో తీసేశారు, 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఇంకొకటి పెట్టారు, ఈ మధ్యలో ఏ కౌంటర్లో ఏం అడగాలో తెలియక తికమకపడ్డవాళ్లు నాకు తెలుసు. వీళ్ల మీద జరిమానా వేయమని నేను చెప్పడం లేదు, అసలు వద్దు. వీళ్లు తప్పించుకుని తిరుగుతున్నవాళ్లు కాదు. పిలిచి అడిగితే కళ్లకద్దుకుని ఇస్తారు, తన పుస్తకం దేశపు గ్రంథాలయంలో ఉంటుందంటే సంతోషపడని రచయిత ఉంటారా చెప్పండి. అడిగే మనిషి లేకపోవడమే లోటు.

ఇంకో సంగతి చూడండి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. అప్పటిదాకా మద్రాసు కన్నెమరా మనకి కూడా సొంత లైబ్రరీయే. మరుసటేడు ఈ చట్టం వచ్చింది. ఇప్పటికి రాష్ట్రాలు మారాయి, విడిపోయాయి, కానీ చట్టం చెప్పే ఆ నాలుగు చోట్లలో తెలుగు నేల మీద ఒక్కటి కూడా లేదు. అంటే విశాఖలో అచ్చయిన పుస్తకం చూడాలంటే విశాఖ మనిషి రాత్రి రైలెక్కి హౌరా వెళ్లాలి, లేదంటే చెన్నై వెళ్లాలి, అదీ ఆ పుస్తకం అక్కడికి చేరి ఉంటే. ఇది ఒక రాష్ట్రం మీద ఇంకో రాష్ట్రానికి ఈర్ష్య పుట్టించే మాట కాదు, చెన్నై వాళ్లు మన పుస్తకాలు కూడా ఇన్నేళ్లు దాచారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. కానీ ఈ పంపకాన్ని మళ్లీ ఒకసారి చూడాల్సిన వాళ్లు ఎవరు? బోర్డే కదా.

పోయిన పుస్తకం ఎలా పోతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే దూరంగా ఉన్నవాళ్లకి అది అర్థం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడ్డప్పుడు కిటికీలు ఊడిపోయిన ఇళ్లలో అలమరల నిండా ఉన్న పుస్తకాలు తడిసి ముద్దయిపోయాయి. మా వీధిలోనే ఒక పెద్దాయన ఇంట్లో ఏళ్ల తరబడి దాచుకున్న చిన్న పత్రికలు, సభల సావనీర్లు, పాత కవుల పలచటి పుస్తకాలు ఎండలో ఆరబెట్టినా విడదీయడానికి రాలేదు. వాటిలో కొన్నిటికి ఇంకో కాపీ ఎక్కడ ఉందో ఆయనకీ తెలియలేదు, మాకెవరికీ తెలియలేదు. 1966లో విశాఖ ఉక్కు ఉద్యమం నడిచిన రోజుల్లో ఈ ఊళ్లో ఎన్ని కరపత్రాలు, ఎన్ని చిన్న పుస్తకాలు అచ్చయి ఉంటాయో ఆలోచించండి. ఆ ఏడాది నవంబరు 1న కాల్పుల్లో ఇక్కడ మనుషులు చనిపోయారు. ఆ రోజుల గురించి రేపు ఎవరైనా చరిత్ర రాయాలంటే దినపత్రికల ఫైళ్లు ఒక్కటే చాలవు, చేతికి చేతికి తిరిగిన ఆ చిన్న కాగితాలు కావాలి.

కంప్యూటర్ వచ్చింది కదా, ఇంక పుస్తకం ఎక్కడికి పోతుంది అంటారేమో. నేను డీటీపీ వాళ్ల మధ్య తిరిగే మనిషిని, అందుకే ఇంకా ఎక్కువ టెన్షన్ పడతాను. తెలుగు పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారయ్యాయి, ఇప్పటికీ చాలాచోట్ల అలాగే తయారవుతున్నాయి. అది అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవడానికి వచ్చే యూనికోడ్ పద్ధతి కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అక్షరాలు ఉండవు, పిచ్చి గుర్తులు ఉంటాయి. డీటీపీ ఆపరేటర్ షాపు మూసేస్తే హార్డ్ డిస్కు పాత సామాన్లలోకి వెళ్తుంది. ఇరవై ఏళ్ల కింద వేసిన పుస్తకం రెండో ముద్రణ వేద్దామంటే ఫైలు లేదు, మళ్లీ మొదటి నుంచి టైపు కొట్టించుకోవాలి, ఇది మాకు మామూలైపోయింది. పైగా 1954 చట్టం అచ్చు పుస్తకం గురించే మాట్లాడుతుంది. ఒక్క ఫోన్లోనే చదువుకునేలా తెస్తున్న తెలుగు పుస్తకాలు దాని కిందకి రావు. కాబట్టి అచ్చు కాపీతో పాటు పీడీఎఫ్ కూడా తీసుకుని భద్రంగా దాచే ఏర్పాటు కావాలి. అమ్ముకునే హక్కు రచయితకే ఉండాలి, మీరు ఎవరికీ చూపించకుండా అయినా సరే దాచండి, పోకుండా ఉంటే చాలు.

ఈ మధ్య జరిగిన ఒక మార్పు గురించి ఎక్కువమంది మాట్లాడలేదు. 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ చట్టం ఒకటి ఉండేది. తెల్లవాళ్లు నిఘా కోసం పెట్టిన చట్టమే, ఆ ఉద్దేశాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కానీ దాని కింద ప్రెస్సు వాళ్లు పుస్తకం కాపీలు ప్రభుత్వానికి ఇవ్వాలి, మూడు నెలలకోసారి కేటలాగు వేయాలి అని ఉండేది. ఆ జాబితాల పుణ్యానే పాత తెలుగు పుస్తకాలు ఎన్నో లండన్ చేరాయి. 1912లోనే బ్రిటిష్ మ్యూజియం వాళ్లు తమ దగ్గరున్న తెలుగు పుస్తకాలకి విడిగా ఒక కేటలాగు అచ్చేశారు. ఇప్పుడు 2023లో కొత్త చట్టం వచ్చి, 2024 మార్చి 1 నుంచి ఆ పాత చట్టం పోయింది. కొత్తదాంట్లో పత్రికలే ఉన్నాయి, పుస్తకాలు లేవు. అంటే అచ్చయిన ప్రతి పుస్తకమూ ఏదో ఒక సర్కారు గూట్లోకి చేరాలని చెప్పే కేంద్ర చట్టం ఇక 1954 చట్టం ఒక్కటే. మీ మీద ఉన్న బరువు ఇదివరకటి కంటే పెరిగింది.

ఇప్పుడు బోర్డు దగ్గరికి వస్తాను. ఈ గ్రంథాలయం పనితీరు చూడటానికి ప్రభుత్వం వేసిన ఝా కమిటీ 1969లో రిపోర్టు ఇచ్చినప్పుడే ఈ గ్రంథాలయం అసలు ఏం చెయ్యాలి అన్నది చర్చించారు, దేశంలో అచ్చయ్యే ముఖ్యమైన పుస్తకాలన్నీ సేకరించి కాపాడటమే మొదటి పనిగా పెట్టుకున్నారు. ఆ పని చేయించే బోర్డులో ఎవరుండాలి? శాఖల కార్యదర్శులు ఉంటారు, ఉండాలి కూడా, డబ్బు మంజూరు చేసేది వాళ్లే. విశ్వవిద్యాలయాల పెద్దలు ఉంటారు, మంచిదే. కానీ పుస్తకం వేసిన మనిషి ఒకరు ఉండాలి. పల్లెలోనో చిన్న ఊళ్లోనో లైబ్రరీ తాళం చెవి పట్టుకుని ఇరవై ఏళ్లు పనిచేసిన లైబ్రేరియన్ ఒకరుండాలి. ఏ పదవీ లేకుండా ఉత్త పాఠకుడిగానో పాఠకురాలిగానో వచ్చేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. ఇన్ని భాషలకి తలా ఒక కుర్చీ వేయడం కుదరదని నాకు తెలుసు, వంతులవారీగా మార్చండి, ఈ మూడేళ్లు తెలుగు, ఒడియా, అస్సామీ వాళ్లు ఉంటే వచ్చే మూడేళ్లు ఇంకో మూడు భాషల వాళ్లు. సభ్యుల పేర్లు, వాళ్ల గడువు, ప్రతి సమావేశంలో ఏం మాట్లాడారో, ఏం తేల్చారో జనానికి కనపడేలా పెట్టండి.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానంటే, గ్రంథాలయాల పాలకవర్గాలు ఎలా ఏర్పడతాయో తెలుగువాళ్లం దగ్గర్నుంచి చూశాం. మేం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది, 1960 నాటి మా రాష్ట్ర చట్టం పెట్టిన పద్ధతి అది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దానికో చైర్మన్, సభ్యులు. ప్రభుత్వం మారితే పాలకవర్గం మారిపోతుంది, కొత్తది వచ్చేదాకా అధికారులే నడుపుతారు. పుస్తకం అంటే ప్రాణం పెట్టే చైర్మన్లు కూడా వచ్చారు, వాళ్లు ఉన్న రోజుల్లో లైబ్రరీల కళే వేరు. కానీ అది అదృష్టం మీద ఆధారపడకూడదు కదండీ. చట్టంలోనే రాసిపెట్టాలి, ఎవరు అర్హులో, ఎన్నేళ్లు ఉంటారో, మధ్యలో ఎందుకు తీసేయకూడదో.

మాకు ఈ విషయంలో అడిగే హక్కు ఇంకోలా కూడా ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు ప్రభుత్వం ఇస్తుందని ఎదురుచూడలేదు. ఊరూరా జనమే చందాలు వేసుకుని గ్రంథాలయాలు పెట్టుకున్నారు. 1930ల్లో కృష్ణా కాలువల్లో పడవల మీద కూడా పుస్తకాలు తిప్పారు. గ్రంథాలయం అనేది మాకు జనం పెట్టుకున్నది. అందుకే దాని బోర్డు తలుపు బయట నిలబడి ఉండటం మాకు అలవాటు లేదు.

మా వైపు నుంచి ఇంకో మాట ఉంది, ఇది మైదానంలో ఉండేవాళ్లకి తట్టదు. అరకు, పాడేరు కొండల్లో, అటు శ్రీకాకుళం వైపు కొండల్లో మాట్లాడే కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా లాంటి భాషల్లో పిల్లల వాచకాలు, పాటల పుస్తకాలు, కథల పుస్తకాలు తెలుగు లిపిలో అచ్చయ్యాయి. గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం జీవితమే ఇచ్చారు. ఈ పుస్తకాలు మీ దగ్గరికి వస్తే ఏ భాషా విభాగంలో పెడతారు? తెలుగు లిపి కాబట్టి తెలుగు అని రాసేస్తే ఆ భాష ఉన్నట్టే తెలియదు. చాలావరకు ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు వేసినవి, అమ్మకానికి రానివి, కాబట్టి అసలు వస్తాయో రావో కూడా ఎవరూ పట్టించుకోరు. ఆ భాషలు చదవగలిగిన వాళ్లని ఏడాదికి కొన్నాళ్లైనా పిలిపించి ఈ పుస్తకాలకి సరైన వివరాలు రాయించండి. దీనికి కోట్లు అక్కర్లేదు, ఎవరైనా ఒకరు ఇది మా పని అని అనుకుంటే చాలు.

అన్నీ దాచాలా, ప్రతి చిన్న కవితల పుస్తకమూ దేశ సంపదేనా అని నన్ను ఇక్కడివాళ్లే అడిగారు. 1928లో శ్రీశ్రీ మొదటి పుస్తకం వచ్చేనాటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు. విశాఖ కుర్రాడు, పద్యాలు రాశాడు, అచ్చేశారు. ఆ రోజు ఎవరైనా కూర్చుని ఏది దాచాలి ఏది వద్దు అని ఏరితే ఆ పుస్తకాన్ని ఏ గుట్టలో వేసేవారో నాకు అనుమానమే. అచ్చయిన రోజున పుస్తకం విలువ తేల్చగల మనిషి లేడు, అందుకే చట్టం కూడా మంచిదా చెడ్డదా అని అడగలేదు, ఒక కాపీ పంపమంది, అంతే.

చెయ్యగలిగిన పనులు దగ్గర్లోనే ఉన్నాయి. పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు నంబరు ఇచ్చే ఏజెన్సీ కేంద్ర విద్యాశాఖ కింద ఉంది, ఉచితంగానే ఇస్తారు. మీరు సాంస్కృతిక శాఖ కింద ఉన్నారు. నంబరు తీసుకున్న ప్రతి పుస్తకం వివరాలు మీకు చేరేలా, పుస్తకం రాకపోతే ఆ ప్రచురణకర్తకి వాళ్ల భాషలోనే ఒక మెసేజ్ వెళ్లేలా రెండు శాఖలు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆ మెసేజ్ బెదిరింపులా ఉండకూడదు, మీ పుస్తకం కోసం చూస్తున్నాం, ఈ చిరునామాకి పంపండి అని మర్యాదగా ఉండాలి. ఐఎస్‌బీఎన్ తీసుకోని పుస్తకాలు ఇంకా ఎక్కువ, వాటికోసం విశాఖ లాంటి ఊళ్లో ఒక్క చోటు పెట్టండి, అక్కడ నాలుగు కాపీలు ఇస్తే మిగతా రవాణా మీదే. రసీదు అక్కడే చేతిలో పెట్టండి. కేటలాగులో తెలుగు లిపిలో టైపు చేస్తే తెలుగు పుస్తకం దొరకాలి. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి పుస్తకాల కోసం వెతికే కుర్రవాడు ఆయన పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఊహించుకుంటూ కూర్చోకూడదు. వచ్చిన పుస్తకాన్ని తెలుగు చదివి అర్థం చేసుకుని వివరాలు రాసే మనుషులు సరిపడా ఎప్పుడూ ఉండేలా చూడటం, ఖాళీ వచ్చిన వెంటనే నింపేలా పట్టుబట్టడం బోర్డు పని.

ఇక్కడ మేం కొందరం, ప్రూఫులు చూసేవాళ్లం, డీటీపీ చేసేవాళ్లం, సభలు పెట్టేవాళ్లం, ఒక పనికి ఒప్పుకున్నాం. ఈ ఏడాది ఉత్తరాంధ్రలో మా చేతి మీదుగా వచ్చే ప్రతి పుస్తకానికీ నాలుగు కాపీలు పక్కన పెట్టిస్తాం, పాతవాటిలో దొరికినవి కూడా సేకరిస్తాం. ఎవరికి అప్పగించాలో, మీ దగ్గర తెలుగు పుస్తకాలు చూసే మనిషి ఎవరో, ఏ ఫోన్ నంబరుకి ఎప్పుడు చెయ్యాలో మాకు తెలియజేయండి. వీలైతే మీరే ఒకసారి రండి. పౌరగ్రంథాలయంలో హాలు మాట్లాడి ఉంచుతాం, పుస్తకాలు వేసుకున్నవాళ్లని పిలుస్తాం, ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాళ్లు కూడా వస్తామన్నారు. ఆదివారం అయితే అందరికీ కుదురుతుంది, తేదీ ఒక నెల ముందుగా చెప్పండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి
పుస్తకాల ప్రూఫులు చూసే ఒక పాఠకురాలు